అందరి మాటకూ చోటు: మాయాబందర్‌లో బృంద సలహా గోష్ఠులు, నాయకత్వం



మధ్య అండమాన్ ఉత్తరపు కొసన, సముద్రతీరాన ఉన్న చిన్న పట్టణం మాయాబందర్. 2006 ఆగస్టు 18న ఏర్పడిన ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాకు ఇది ముఖ్యపట్టణం. 2011 జనగణన ప్రకారం జిల్లా మొత్తం జనాభా 1,05,597. ఆంధ్రదేశంలో ఒక మధ్యతరగతి పట్టణంలో ఉండే జనం ఇక్కడ ఒక జిల్లా అంతటా, అడవుల నడుమ, కడలి పాయల ఒడ్డున చెదరి నివసిస్తున్నారు. జనసంఖ్య స్వల్పమే అయినా, ఆ జనం వచ్చిన దారులు అనేకం.

1925లో బర్మా నుండి కరెన్ కుటుంబాలు ఇక్కడికి వచ్చి వెబి మొదలైన గ్రామాలను నెలకొల్పుకున్నాయి. అంతకు కొద్ది సంవత్సరాల ముందునుండే, అడవి పనుల కోసం ఛోటానాగపూర్ నుండి ఉరావ్, ముండా, ఖడియా గిరిజనులు రాసాగారు. వారిని దీవులలో నేటికీ ‘రాంచీవాలాలు’ అంటారు. దేశవిభజన పిదప తూర్పు బెంగాలు శరణార్థులకు 1949 నుండి దక్షిణ అండమాన్‌లోను, 1950ల దశకంలో మధ్య, ఉత్తర అండమాన్‌లలోను భూములిచ్చి పునరావాసం కల్పించారు. తమిళులు, మలయాళీలు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం, తూర్పు గోదావరి తీరాల నుండి తెలుగు జాలరులు, కూలీలు, చిరు వ్యాపారులు వచ్చారు. 2011 లెక్కల ప్రకారం దీవులన్నిటిలో బెంగాలీ మాతృభాషగా గలవారు సుమారు 28 శాతం, హిందీ 19, తమిళం 15, తెలుగు 13 శాతం. ఏ ఒక్క భాషకూ సగం మంది లేరు.

ఈ దీవులను ‘చిన్న భారతదేశం’ అని పిలవడం పరిపాటి. ఆ మాట నిజమే. బజారులోను, పడవరేవులోను, పాఠశాలలోను ఈ జనులందరూ హిందీలో మాట్లాడుకుంటూ సామరస్యంగా జీవిస్తున్నారు. అయితే సరుకు బేరమాడడానికి చాలిన భాష, గుండెలోని బరువు దింపుకోవడానికి చాలుతుందా? పండుగకు కలిసిన జనం దుఃఖానికి కూడా కలవగలరా? ఈ ప్రసంగ విషయం అదే: వేర్వేరు భాషల, ఆచారాల మనుషులు ఒకచోట కూర్చుని తమ కష్టాలు చెప్పుకొనే బృంద సలహా గోష్ఠిని నడిపే వ్యక్తికి ఎటువంటి నాయకత్వం కావాలి?

ఇది తీరిక వేళల చర్చ కాదని ఒక లెక్క తెలియజేస్తున్నది. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకటించిన వివరాల ప్రకారం 2022లో దేశంలో లక్ష జనాభాకు 12.4 మంది ఆత్మహత్య చేసుకొనగా, అండమాన్ నికోబార్ దీవులలో ఆ సంఖ్య 42.8. రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలన్నిటిలో సిక్కిం తరువాత ఇదే అత్యధికం. స్వల్ప జనాభా గల చోట కొద్ది మరణాలకే ఈ రేటు పెరుగుతుందన్నది వాస్తవమే. అయినా 2021లో కూడా ఇది దాదాపు 40 ఉన్నది. ఇది ఒక సంవత్సరపు యాదృచ్ఛికం కాదు. కుటుంబ కలహాలు, మద్యపానం, వ్యాధి, ఉపాధి కొరత వంటి కారణాలు ఎక్కడ ఉన్నవే ఇక్కడా ఉన్నాయి. వాటికి తోడు, ప్రధాన భూభాగంలోని బంధువర్గానికి దూరంగా ఉండడం అనే ఒంటరితనం ఇక్కడ అదనం. 2002 మే నెలలో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు వాణిజ్యం కొరకు సహజారణ్యాలలో చెట్లు నరకడం ఆగిపోయిన పిదప, తరతరాలుగా అడవి పనినే నమ్ముకున్నవారు వేరే జీవనోపాధి వెదుక్కోవలసి వచ్చింది. అడవి రక్షణకు అది అవసరమైన చర్యే. పని పోయిన మనిషి దిగులు కూడా అంత నిజమైనదే.

గోష్ఠి అంటే ఏమిటి?

బృంద సలహా గోష్ఠి అనేది కొత్త విషయమేమీ కాదు. 1905లో బోస్టన్ నగరంలో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ బీద క్షయరోగులను వారానికి ఒకసారి ఒకచోట కూర్చోబెట్టి, వారి దినచర్య పుస్తకాలు చూస్తూ, ధైర్యం చెప్పడం ఆరంభించారు. ఆనాడు క్షయకు మందు లేదు. వచ్చినవారు వేర్వేరు దేశాల నుండి వలస వచ్చినవారు, వేర్వేరు మతాలవారు. వ్యాధి ఒకటే కావడం వారిని ఒకటిగా నిలిపిందని ప్రాట్ గమనించారు. వైద్యుడు చెప్పిన దానికంటె, పక్కన కూర్చున్న రోగి బరువు పెరగడం చూచి మరొక రోగికి కలిగిన ఆశ ఎక్కువగా పనిచేసింది.

భారతదేశంలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలకు 1950ల దశకంలో అధిపతిగా ఉన్న డాక్టర్ విద్యాసాగర్ మరొక మార్గం చూపారు. రోగులను బంధువుల నుండి వేరుచేసి తలుపులు మూసే కాలంలో, ఆయన ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగుల వెంటనే ఉంచారు. ఆ కుటుంబాలన్నిటితో కలిపి మాట్లాడేవారు. ఒక ఇంటివారి అనుభవం మరొక ఇంటివారికి పాఠమైంది. పిచ్చి అంటే శాపమన్న భయం, అదే భయంతో వచ్చిన మరి పది కుటుంబాలను చూచినపుడు సడలింది.

ఈ రెండు ఉదాహరణలలోను కనిపించే సూత్రం ఒకటే. కష్టంలో ఉన్న మనిషి ‘ఈ బాధ నా ఒక్కడిదే’ అని అనుకుంటాడు. తనవంటి మరొకరిని చూచినపుడు ఆ భావం కరుగుతుంది. ఆరుగురు మొదలు పదిమంది వరకు, ఒక నిర్ణీత సమయంలో, కొన్ని వారాలపాటు, ఒక శిక్షణ పొందిన నిర్వాహకుని సమక్షంలో కూర్చుని పరస్పరం వినడమే గోష్ఠి.

పంచాయితీ వేరు, గోష్ఠి వేరు

తెలుగువారికి రచ్చబండ తెలుసు. తీరగ్రామాల జాలరులకు కులపెద్దల తీర్పు తెలుసు. పదిమంది కూర్చోవడం, ఒకరు తమ బాధ చెప్పడం అనగానే వారి మనస్సుకు తోచేది పంచాయితీ. కరెన్ గ్రామంలో పెద్దలకు, చర్చికి ఉన్న గౌరవం అటువంటిదే. రాంచీ ప్రాంతం నుండి వచ్చిన గిరిజనులకూ తమ సభా సంప్రదాయం ఉన్నది. ఇవన్నీ గౌరవించదగిన వ్యవస్థలు. అయితే పంచాయితీ పని తీర్పు చెప్పడం. తప్పు ఎవరిదో తేలాలి, తప్పు చేసినవాడు తల వంచాలి. గోష్ఠిలో తీర్పు లేదు. తాగివచ్చి భార్యను కొట్టిన మనిషి ఆ సంగతి గోష్ఠిలో చెప్పినపుడు, నిర్వాహకుడు న్యాయాధిపతిగా మారితే ఆ మనిషి మరునాడు రాడు. అలాగని అతడు చేసినది చిన్న విషయమని నవ్వి ఊరుకుంటే, అదే వలయంలో కూర్చున్న దెబ్బలు తిన్న స్త్రీ ఇక నోరు విప్పదు. ఈ రెండింటి మధ్య నడవడమే నిర్వాహకుని నేర్పు. ‘ఆ దెబ్బ తగిలినవారికి ఎలా ఉండి ఉంటుంది?’ అని అదే మనిషిని అడిగి, అతని జవాబు కోసం వేచి ఉండడం తీర్పు కంటె కష్టమైన పని. ఇంటిలో ప్రాణభయం ఉన్నదని తెలిస్తే మాత్రం గోష్ఠితో సరిపెట్టరాదు. ఆమె రక్షణకు చట్టపరమైన సహాయం అందించడం నిర్వాహకుని మొదటి కర్తవ్యం.

నాయకత్వపు తీరు బృందాన్ని ఎలా మలుస్తుందో 1938–39 సంవత్సరాలలో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిప్పిట్, రాల్ఫ్ వైట్ పరిశీలించారు. పదేళ్ళ బాలుర చిన్న సంఘాలను చేతిపనులకు కూర్చోబెట్టి, కొన్నిటిని ఆజ్ఞాపించే నాయకుని కింద, కొన్నిటిని అందరితో సంప్రదించే నాయకుని కింద, కొన్నిటిని ఏమీ పట్టించుకోని నాయకుని కింద ఉంచారు. ఆజ్ఞాపించే నాయకుడు గదిలో ఉన్నంతసేపు పని జరిగింది, ఆయన బయటకు వెళ్ళగానే తగ్గిపోయింది. పిల్లలు ఒకరిపై ఒకరు చిరాకుపడడమో, ముడుచుకుపోవడమో జరిగింది. సంప్రదించే నాయకుడు బయటకు వెళ్ళినా పని సాగింది. పట్టించుకోని నాయకుని బృందంలో పనీ సరిగా సాగలేదు, తృప్తీ లేదు. గోష్ఠికి ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది. మాయాబందర్ వంటి చోట శిక్షణ పొందిన నిర్వాహకులు కొద్దిమందే. వారు సెలవుపై వెళ్ళవచ్చు, బదిలీపై మరొక దీవికి పోవచ్చు. వారు లేనినాడు కూడా ఆ పదిమంది ఒకరినొకరు పలుకరించుకోగలిగితేనే గోష్ఠి ఫలించినట్లు.

‘ఠీక్ హై’ అన్న జవాబు

మద్యం మానదలచిన ఎనిమిదిమందితో మాయాబందర్‌లో ఒక గోష్ఠి జరుగుతున్నట్లు ఊహించవచ్చు. ఇద్దరు బెంగాలీ రైతులు, ముగ్గురు రాంచీ వైపు అడవి పనివారు, ఒక కరెన్ పడవవాడు, ఒక తమిళ దుకాణపు ఉద్యోగి, ఒక తెలుగు జాలరి. నిర్వాహకుడు హిందీలో ప్రశ్నిస్తాడు. అరగంట గడిచేసరికి హిందీ ధారాళంగా వచ్చిన ముగ్గురే సమయమంతా మాట్లాడి ఉంటారు. తెలుగు జాలరి వంతు వచ్చినపుడు అతడు ‘ఠీక్ హై’ అని తల ఊపుతాడు. నిర్వాహకుడు తన పుస్తకంలో ‘పరిస్థితి మెరుగు’ అని రాసుకుంటాడు. మెరుగుపడినది పరిస్థితి కాదు. ఆ మనిషికి తెలిసిన హిందీలో తన బాధకు మాట లేదు, అంతే.

‘బెంగ పెట్టుకున్నాడు’ అన్న తెలుగు పలుకుబడిలో దూరమైనవారి తలపు, తిండి సహించకపోవడం, ఒళ్ళు చిక్కడం అన్నీ ఉన్నాయి. బెంగాలీ ‘మొన్ ఖారాప్’ అంటాడు. హిందీలో ‘ఘబ్‌రాహట్’ అన్న మాటలో గుండెదడా, భయమూ రెండూ కలిసి ఉన్నాయి. కొందరు మనస్సు మాట ఎత్తకుండా తలనొప్పి, కడుపులో మంట, నరాల బలహీనత అని మాత్రమే చెబుతారు. ఇవన్నీ ఒకటే అని తొందరపడి ఒక వ్యాధి పేరు కింద చేర్చితే సగం అర్థం పోతుంది. ఎవరి మాటను వారి మాటగానే ఉంచి, ‘బెంగ అంటే మీకు ఎక్కడ తెలుస్తుంది? రాత్రా, పగలా? ఒంటరిగా ఉన్నపుడా, వేటకు వెళ్ళినపుడా?’ అని అడిగితే మిగిలిన ఏడుగురికీ ఆ బాధ కళ్ళకు కడుతుంది.

కాబట్టి ఆ జాలరిని తెలుగులోనే, తన ధోరణిలో రెండు మూడు నిమిషాలు మాట్లాడనివ్వాలి. తరువాత దానిని హిందీలో చెప్పేవారు కావాలి. ఇక్కడ అనువాదకుని ఎంపిక అతి జాగ్రత్తగా జరగాలి. తల్లి గోడును ఆమె పదేళ్ళ కుమార్తె చేత చెప్పించరాదు. బడిలో హిందీ నేర్చిన పిల్లలు ఇంట్లో ఈ పని అలవాటుగా చేస్తూనే ఉంటారు. కాని తల్లి చావు గురించి ఆలోచిస్తున్నదన్న మాట ఆ పసినోట పలికించడం అన్యాయం. కూలీ మాటను అతనికి పని ఇచ్చే మేస్త్రీ చేత, భార్య మాటను భర్త చేత, అప్పు తీసుకున్నవాని మాటను అప్పు ఇచ్చినవాని చేత అనువదింపజేయరాదు. అనువదించే వ్యక్తి సొంత సలహాలు కలపకుండా, విన్నది విన్నట్లు, ఉత్తమ పురుషలోనే చెప్పాలి. ఇందుకు సమయం ఇంచుమించు రెట్టింపు పడుతుంది. అందుచేత గంట గోష్ఠిని రెండు గంటలు చేయాలి, లేదా పదిమందికి బదులు ఆరుగురిని కూర్చోబెట్టాలి. భాష తెలియని మిగిలినవారు ఆ రెండు నిమిషాలు వృథాగా కూర్చోరు. గొంతు వణకడం, మాట ఆగడం ఏ భాషలోనైనా తెలుస్తుంది. అర్థం చెవికి చేరేలోపల మనిషి వారికి చేరువవుతాడు.

సంబోధన కూడా చిన్న విషయం కాదు. తెలుగులో ‘నువ్వు’, ‘మీరు’. హిందీలో ‘తూ’, ‘తుమ్’, ‘ఆప్’. బెంగాలీలో ‘తుయ్’, ‘తుమి’, ‘ఆప్‌ని’. అరవై ఏళ్ళ జాలరిని పాతికేళ్ళ నిర్వాహకుడు ఏకవచనంలో పిలిస్తే, ఆ తరువాత ఎంత మంచి ప్రశ్న వేసినా జవాబు రాదు. బజారు హిందీలో ఈ భేదం జారిపోవడం సులభం. ‘అమ్మా’, ‘అన్నా’, ‘దాదా’, ‘దీదీ’ అని వారి వాడుక ప్రకారం పిలవడం మర్యాదే కాక, మాట పెగలడానికి సాధనం కూడా.

ప్రతినిధి కాదు, మనిషి

వైవిధ్యాన్ని గురించి తెలుసుకున్న నిర్వాహకుడు చేసే పొరపాటు మరొకటి ఉన్నది. ‘కరెన్‌లు మితభాషులు’, ‘జాలరులు కోపిష్ఠులు’, ‘బెంగాలీలు వాదప్రియులు’ వంటి మాటలు మనస్సులో పెట్టుకుని గోష్ఠికి వస్తే, ఎదుట ఉన్న మనిషి కనబడడు. వలయంలో ఉన్న ఒక్క కరెన్ యువకుని చూచి ‘మీ వారిలో దీనికి ఏం చేస్తారు?’ అని అడిగితే, అతడు తన బాధ మరచి తన జాతికి న్యాయవాదిగా మారవలసి వస్తుంది. ‘మీ ఇంట్లో ఏం జరుగుతుంది?’ అని అడగాలి. ఆచారాలను గురించిన పరిజ్ఞానం ప్రశ్న వేయడానికి ఉపకరించాలి గాని జవాబును ముందే నిర్ణయించరాదు.

అందరినీ ఎల్లప్పుడు కలిపి కూర్చోబెట్టడమే సమైక్యత అనుకోవడం కూడా సరికాదు. కొన్ని విషయాలు స్త్రీలు స్త్రీల మధ్యనే చెప్పగలరు. కొత్తగా భర్తను కోల్పోయిన తెలుగు స్త్రీకి మొదటి కొన్ని వారాలు తెలుగు మాట్లాడే ముగ్గురు నలుగురితో కూర్చోవడమే మేలు కావచ్చు. కాస్త నిలదొక్కుకున్న పిదప పెద్ద వలయంలోకి వస్తే, తూర్పు బెంగాలు నుండి వచ్చిన కుటుంబపు వృద్ధురాలు తన పెద్దల నష్టాన్ని చెప్పినపుడు ఆమె దుఃఖానికి మరొక తోడు దొరుకుతుంది. ఎప్పుడు విడిగా, ఎప్పుడు కలిపి అన్నది పాల్గొనేవారిని అడిగి తెలుసుకోవలసినది. నిర్వాహకులు ఇద్దరు ఉండడం, వారిలో ఒకరు స్త్రీ కావడం, ఇద్దరి మాతృభాషలు వేరు కావడం ఇటువంటి చోట ఎంతో ప్రయోజనకరం. వేర్వేరు వర్గాలకు చెందిన ఇద్దరు ఒకరి మాటను ఒకరు గౌరవించడం చూచినపుడు బృందం కూడా ఆ పద్ధతి నేర్చుకుంటుంది.

గుట్టు

‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అన్న సామెత వింటూ పెరిగినవారిని ఇంటి సంగతి పదిమందిలో చెప్పమనడం చిన్న కోరిక కాదు. మహానగరంలో గోష్ఠికి వచ్చినవారు మళ్ళీ ఒకరికొకరు ఎదురుపడకపోవచ్చు. మాయాబందర్‌లో వారు మరునాడే చేపల బజారులో, అదే బస్సులో, అదే బడి గేటు దగ్గర కలుస్తారు. అందుచేత గోప్యత గురించి మొదటి రోజున ఒక వాక్యం చదివి వదిలివేయడం చాలదు. ప్రతి భాషలోను అర్థమయ్యేలా చెప్పాలి. ఏది బయటకు పోరాదో, ఏ పరిస్థితిలో, అంటే ప్రాణాపాయం ఉన్నపుడు, నిర్వాహకుడు బయటివారికి చెప్పక తప్పదో ముందే స్పష్టం చేయాలి. బజారులో ఎదురైతే పలుకరించుకోవాలా వద్దా అన్నది కూడా బృందమే నిర్ణయించుకోవాలి. నిర్వాహకునికే పాల్గొనేవారిలో ఒకరు బంధువో, అప్పులవాడో అయినపుడు ఆ వ్యక్తిని మరొక నిర్వాహకునికి అప్పగించడం ధర్మం. ఈ విషయంలో ఒక్కసారి నమ్మకం పోతే, ఆ చిన్న పట్టణంలో రెండవ గోష్ఠికి మనుషులు దొరకరు.

2004 నేర్పిన పాఠం

2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన భూకంపం, సునామీ ఈ దీవుల చరిత్రలో మహావిపత్తు. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలికి బయటపడ్డాయి. దక్షిణాన నికోబార్ దీవులలో నేల కుంగి, ఊళ్ళకు ఊళ్ళు కడలి పాలైనాయి. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థకు చెందిన మానసిక వైద్యుల బృందాలు దీవులకు వచ్చి సహాయ శిబిరాలలో పనిచేశాయి. వారి పరిశీలనలో తొలి మూడు నెలలలో 5 నుండి 8 శాతం మందిలో చికిత్స అవసరమైన మానసిక సమస్యలు కనిపించాయి. ప్రభుత్వ సహాయం, సానుభూతి తగ్గి నిరాశ ముసిరే దశలో అది 25–30 శాతానికి పెరగవచ్చునని వారు అంచనా వేశారు. నికోబారీ గిరిజనుల ఉమ్మడి కుటుంబ వ్యవస్థ వారికి ఆ తొలి దశలో గొప్ప అండగా నిలిచిందని కూడా గుర్తించారు.

ఇందులో నిర్వాహకులకు రెండు సూచనలు ఉన్నాయి. మొదటిది, బయటినుండి వచ్చే నిపుణుడు రిక్తపాత్రలో పోయడానికి రాలేదు. అక్కడి జనులకు తమవైన ఆధారాలు ముందే ఉన్నాయి. ఉమ్మడి కుటుంబం, చర్చి, కీర్తన, వలలు బాగుచేసుకుంటూ చెప్పుకొనే కబుర్లు, ఇవన్నీ మందులే. ఏ వర్గానికి ఏది అండ అన్నది తెలుసుకుని దానికి చేదోడుగా నిలవడం నాయకత్వం. ఉమ్మడి కుటుంబాన్ని ప్రధాన భూభాగంలో వదలి వచ్చిన వలసకూలీకి ఆ అండ లేదు. అతనికే గోష్ఠి అవసరం హెచ్చు.

రెండవది, దుఃఖాన్ని బలవంతంగా తవ్వరాదు. విపత్తు జరిగిన వెంటనే బాధితులను ఒక్కసారి కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు ప్రచారంలో ఉండేది. దానివలన మేలు లేదని పరిశోధనలు తేల్చగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పద్ధతి వద్దని సూచించింది. తిండి, గూడు, తప్పిపోయినవారి ఆచూకీ, పిల్లలకు బడి ముందు రావాలి. మాట, చెప్పదలచినవారు చెప్పదలచినపుడు రావాలి. మౌనంగా కూర్చునే హక్కు గోష్ఠిలో అందరికీ ఉన్నది. మౌనాన్ని భరించలేక దానిని తన ఉపదేశంతో నింపే నిర్వాహకుడు తన అసౌకర్యానికే చికిత్స చేసుకుంటున్నాడు.

నెల్లూరు స్త్రీలు

వినడం అనేది నిష్క్రియత్వమని భావించేవారు తెలుగునాటి ఒక ఘట్టాన్ని స్మరించవలసి ఉన్నది. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగినపుడు, రాత్రి బడులలో కూర్చున్న స్త్రీలు అక్షరాలతోపాటు తమ ఇండ్ల సంగతులు చెప్పుకున్నారు. వాచకంలో సారా గురించిన పాఠం వచ్చినపుడు అది తమ కథే అని ఒకరి తరువాత ఒకరు పలికారు. అంతవరకు ప్రతి స్త్రీ తన భర్త తాగుడును తన ఇంటి సిగ్గుగా దాచుకున్నది. అందరి ఇళ్ళలోను అదే జరుగుతున్నదని తెలిసిన క్షణాన సిగ్గు సమస్యగా మారింది. దూబగుంట గ్రామంలో రోశమ్మ మొదలైనవారు సారా దుకాణాన్ని ఎదిరించారు. ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారా నిషేధింపబడింది. నిషేధాల తదుపరి చరిత్ర వేరు. ఆ స్త్రీలు నాయకులు అయినది ఉపన్యాసం విని కాదు. తమ మాట తాము పలికే చోటు వారికి ఒకటి దొరికింది. ఆ చోటును ఏర్పరచి, పాఠం చదివి, తరువాత మౌనం వహించిన స్వచ్ఛంద ఉపాధ్యాయుల నాయకత్వం కూడా సామాన్యమైనది కాదు. అది సలహా గోష్ఠి కాదు, చదువుల బడి. అయినా మనుషులు వలయంగా కూర్చున్నపుడు కలిగే శక్తికి తెలుగువారికి తెలిసిన ఉత్తమ నిదర్శనం అదే.

ఎవరు నిర్వాహకులు కాగలరు?

ప్రతి గ్రామానికి మానసిక వైద్యుని పంపడం సాధ్యం కాదు. మాయాబందర్‌లో జిల్లా ఆసుపత్రి అయిన డాక్టర్ ఆర్.పి. ఆసుపత్రి ఉన్నది. 1990లో నెలకొన్న మహాత్మాగాంధీ ప్రభుత్వ కళాశాల ఉన్నది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలు ఉన్నారు. రెండు మూడు భాషలు ఇంటినుండే వచ్చిన యువతీయువకులకు ఇక్కడ కొదవ లేదు. బెంగాలీ ఇంట పుట్టి, తెలుగు ఇరుగుపొరుగు మధ్య పెరిగి, హిందీలో చదివిన యువతికి ఏ శిక్షణాలయమూ ఇవ్వలేని అర్హత ఒకటి ఉన్నది. ఆమెకు వినే పద్ధతి, గోప్యత నియమాలు, ప్రమాద సూచనలను గుర్తించడం నేర్పితే ఆమె గోష్ఠిని నడపగలదు. అట్టివారికి నెలకు ఒకసారైనా అనుభవజ్ఞుని పర్యవేక్షణ ఉండాలి. ఇతరుల దుఃఖం వారం వారం వినేవారి మనస్సు కూడా అలసిపోతుంది.

తన హద్దు తెలియడం నాయకత్వంలో భాగమే. ఎవరైనా చనిపోవాలని ఉన్నదని చెప్పినా, లేనివి కనిపిస్తున్నాయన్నా, మద్యం ఆపగానే వణుకు, మూర్ఛ వచ్చినా, గోష్ఠిలో ఓదార్చి ఊరుకోరాదు. వెంటనే వైద్యుని వద్దకు తోడ్కొని పోవాలి. చనిపోవాలని ఉన్నదా అని సూటిగా అడగడానికి వెనుకాడనక్కరలేదు. అలా అడగడం వలన ఆ తలంపు కలగదు, పైగా దాచుకున్న భారం దిగుతుంది. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై పగలూ రాత్రీ, పలు భారతీయ భాషలలో ఉచితంగా లభిస్తున్నది. మాయాబందర్‌లో ఉన్న తెలుగు మనిషికి తన భాషలో వినేవారు ఊళ్ళో లేని రాత్రి, ఆ నంబరు ఒక తలుపు.

‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అని సామెత. గోష్ఠి నిర్వాహకుడు ఆ సామెతను తలకిందులు చేయవలసినవాడు. గోష్ఠి ముగిసిన తరువాత అతడు తనను తాను వేసుకోదగిన ప్రశ్నలు మూడు. ఈ రోజు ఎవరు ఎంతసేపు మాట్లాడారు? ఎవరి మాట వారి భాషలో వినబడింది? ఎవరు ‘ఠీక్ హై’ అని మాత్రమే చెప్పి వెళ్ళారు? ఆ మూడవ ప్రశ్నకు జవాబుగా ఒక పేరు తోస్తే, వచ్చే వారం వరకు ఆగకుండా ఆ మనిషి భాష తెలిసినవారిని వెంటబెట్టుకుని వారి గుమ్మం దాకా వెళ్ళి రావడం ఉత్తమం.